కాసనోవా ఫ్లై ఎవరో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

హిప్‌హాప్ పుట్టుక గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో ఆ సంగీతానికి రెండు పేజీలు ఇవ్వడమే పెద్ద విషయం, అందుకు థ్యాంక్స్. కానీ 1979 దగ్గరికి వచ్చేసరికి రాసినాయన అందరూ రాసే మాటే రాసేశారు. షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ముగ్గురు కుర్రాళ్లు ‘ర్యాపర్స్ డిలైట్’ పాడారు, దాంతో ర్యాప్ పుట్టింది, అందులో బిగ్ బ్యాంక్ హ్యాంక్ రాసిన చరణం ఇప్పటికీ జనం నోళ్లలో నానుతోంది అని. నానుతున్న మాట నిజమే. హ్యాంక్ రాశాడన్నది నిజం కాదు. రాసినవాడి పేరు మీ రెండు పేజీల్లో ఒక్కచోట కూడా లేదు, కనీసం ఫొటో కింద కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి. చోటు చాలకపోతే ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోండి గానీ ఆ పేరు మాత్రం తీసేయకండి.

ఆ పేరు గ్రాండ్‌మాస్టర్ కాజ్. అసలు పేరు కర్టిస్ బ్రౌన్, 1960లో పుట్టాడు, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మనిషి.

నా మాట నమ్మక్కర్లేదు, పాటే పెట్టుకుని వినండి. ఆ ముగ్గురిలో ముందు వండర్ మైక్ పాడతాడు, ఆ తర్వాత హ్యాంక్ అందుకుంటాడు. అందుకున్న కాసేపటికే పేరు చెప్పుకుంటూ ఒక్కో అక్షరం విడదీస్తాడు, సి, ఎ, ఎస్ అని మొదలుపెట్టి ఓ, వి, ఎ దాకా వెళ్లి, మిగతాది ఎఫ్, ఎల్, వై అంటాడు. కలిపి చదివితే ‘కాసనోవా ఫ్లై’. హ్యాంక్ పేరు హెన్రీ జాక్సన్. ఈ పేరు అతనికి ఎక్కడా అతకదు. కాసనోవా ఫ్లై అనేది కాజ్ కుర్రతనంలో పెట్టుకున్న డీజే పేరు, అప్పటికి బ్రాంక్స్‌లో పార్టీలకు వెళ్లేవాళ్లందరికీ తెలిసిన పేరు. పక్కవాడి పేపరు చూసి రాస్తూ వాడి హాల్‌టికెట్ నంబరు కూడా ఎక్కించేశాడన్నమాట. అందులోనే సూపర్‌మ్యాన్ ప్రియురాలు లోయిస్ లేన్‌తో సరసాలాడే ఘట్టం ఉంటుంది చూడండి, అందరూ నవ్వుతూ గుర్తు చేసుకునేది, అదీ కాజ్ నోట్‌బుక్‌లోదే.

ఇది ఎవరో అభిమానులు పుట్టించిన పుకారు కాదండి. హిప్‌హాప్ చరిత్ర రాసినవాళ్లు దాదాపు అందరూ ఈ సంగతి రాశారు, కాజ్ నలభై ఏళ్లుగా చెప్తూనే ఉన్నాడు, పాటలోనే సాక్ష్యం ఉంది. అయినా ఏదో వార్షికోత్సవం రాగానే పత్రికలు మళ్లీ ఆ రికార్డు అట్ట మీదున్న పేర్లే ఎత్తి రాస్తాయి.

సరే, మొదటి నుంచీ చెప్తాను. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో డీజే కూల్ హెర్క్, ఆయన చెల్లెలు సిండీ కలిసి పెట్టిన, హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే పార్టీ గురించి మీరు బాగానే రాశారు, మళ్లీ ఎత్తను. ఎక్స్‌ప్రెస్‌వే కోసం ఇళ్లు కూల్చేసి, మిగిలిన భవనాలు ఏళ్ల తరబడి తగలబడుతుంటే పట్టించుకునే నాథుడు లేని బ్రాంక్స్ అది. 1974లో, పద్నాలుగేళ్ల వయసులో, కాజ్ హెర్క్ పార్టీకి వెళ్లాడు. అక్కడ చూసింది ఏంటంటే, పాటలో గాయకులు ఆగిపోయి డ్రమ్స్ మాత్రం మోగే ముక్క ఒకటి ఉంటుంది, దాన్నే బ్రేక్ అంటారు, అది మామూలుగా కొన్ని సెకన్లే. హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మళ్లీ మొదలుపెట్టి, దాన్ని నిమిషాల తరబడి సాగదీసేవాడు. డ్యాన్స్ చేసేవాళ్లకి కావాల్సింది అదే. కాజ్‌కి మనసు అక్కడ పడింది. టర్న్‌టేబుళ్ల సెట్టు కొనుక్కుని డీజే అయ్యాడు. అప్పట్లో రికార్డులు తిప్పేవాడు ఒకడు, మైకులో మాట్లాడేవాడు, అంటే ఎంసీ, ఇంకొకడు. కాజ్ రెండూ తనే చేశాడు. చేతులు రికార్డుల మీద, నోరు మైకు దగ్గర. అలా చేసిన మొదటివాళ్లలో అతనొకడు. అప్పటికి చాలామంది ఎంసీలు చెప్పేవి చిన్న చిన్న కేకలు, ‘చేతులెత్తండి’ లాంటివి, మహా అయితే రెండు మూడు ప్రాసలు. కాజ్ కూర్చుని రాసేవాడు. కథ ఉండేది, హాస్యం ఉండేది, తన మీద తనకు బోలెడు గొప్ప ఉండేది. నోట్‌బుక్ నిండిపోయేది.

అతని జోడీ డిస్కో విజ్. క్యూబా, ప్యూర్టోరికో మూలాలున్న కుర్రాడు, హిప్‌హాప్‌లో మొట్టమొదటి లాటినో డీజేల్లో ఒకడు. 1977 జూలై 13 రాత్రి వీళ్లిద్దరూ పార్కులో ప్రోగ్రాం చేస్తున్నారు. కరెంటు వీధి దీపం స్తంభం నుంచి లాగారు, అప్పుడు అందరూ అదే పని చేసేవాళ్లు. ఉన్నట్టుండి రికార్డు స్పీడు తగ్గి ఆగిపోయింది, వీధి దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. మన తీగ వల్లే ఫ్యూజు పోయిందిరా అని ఇద్దరూ హడలిపోయారట. నిజానికి న్యూయార్క్ నగరం దాదాపు మొత్తం చీకటైపోయింది. ఆ రాత్రి దుకాణాల షట్టర్లు పగిలాయి, ఎలక్ట్రానిక్స్ కొట్లు ఖాళీ అయ్యాయి, తనూ వెళ్లి రెండు రికార్డుల శబ్దాలు కలిపే మిక్సర్ ఒకటి తెచ్చుకున్నానని కాజ్ తర్వాత ఇంటర్వ్యూల్లో దాపరికం లేకుండానే చెప్పాడు. నిన్నటిదాకా సెట్టు కొనే స్తోమత లేని కుర్రాళ్లు మర్నాటి నుంచి డీజేలైపోయారని కూడా అంటాడు. ఇందులో ఎంత అతిశయోక్తి ఉందో గానీ బ్రాంక్స్ పాతకాపులు చాలామంది ఇదే కథ చెప్తారు.

ఇక్కడ టేపుల సంగతి చెప్పాలి, నా ఉత్తరంలో అసలు విషయం ఇదే. మీ వ్యాసంలో 1973 నుంచి 1979కి ఒక్క వాక్యంలో దూకేశారు. మధ్యలో ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ రికార్డు ఒక్కటీ రాలేదు కాబట్టి ఏమీ జరగలేదన్నట్టు ఉంది. కానీ ప్రతి పార్టీలోనూ ఎవరో ఒకరు క్యాసెట్ రికార్డర్ నొక్కి పెట్టేవాళ్లు. మిక్సర్ నుంచి తీగ తీసుకుని రికార్డు చేసేవాళ్లు కొందరు, పెద్ద టేప్ రికార్డర్ భుజాన వేసుకొచ్చి స్పీకర్ పక్కన పెట్టేవాళ్లు కొందరు. ఆ టేపులు మర్నాడే కాపీ అయ్యేవి, కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ, చివరికి మాట కన్నా బుస ఎక్కువ వినపడేదాకా. ఓజే అని బ్రాంక్స్‌లో ఒక కార్ సర్వీసు ఉండేది, దాని డ్రైవర్లు ఈ టేపులే వేసుకుని తిరిగేవాళ్లు, మంచి టేపు ఉన్న కారుకి గిరాకీ కూడా ఎక్కువ ఉండేదంటారు. రేడియోలో రాని సంగీతానికి ఆ కార్లే రేడియో. కాజ్, విజ్ ఇద్దరూ 1977లోనే ఇంకో అడుగు ముందుకేసి, పాజ్ బటన్ నొక్కుతూ వదులుతూ బీట్లు అతికించి, మధ్యలో రకరకాల శబ్దాలు, మాటల ముక్కలు పెట్టి ఒక ప్లేట్, అంటే సొంత రికార్డు, తయారు చేయించుకున్నారు. పార్టీల్లో వేసుకోవడానికే, అమ్మడానికి కాదు. శబ్దాల ముక్కలు దాచి మళ్లీ వినిపించే శాంప్లర్ యంత్రాలు ఈ కుర్రాళ్ల చేతికి అందని కాలంలో చేసిన పని అది. మరి దీన్ని రికార్డింగ్ అనకపోతే ఏమనాలి?

ఇప్పుడు హ్యాంక్ దగ్గరికి వద్దాం. హ్యాంక్ బ్రాంక్స్‌వాడే. క్లబ్బు గుమ్మం దగ్గర బౌన్సర్‌గా ఉండేవాడు, కాజ్‌కి మేనేజర్‌నని చెప్పుకునేవాడు. కాజ్ చెప్పేదాని ప్రకారం, మంచి సౌండ్ సిస్టమ్ కొనడానికి హ్యాంక్ అప్పు చేశాడు, ఆ అప్పు తీర్చడానికి న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో ఒక పిజ్జా కొట్టులో పనికి చేరాడు. పిండి పిసుకుతూ కాజ్ టేపు పెట్టుకుని దాంతోపాటు తనూ అంటూ ఉండేవాడు. అదే ఊళ్లో సిల్వియా రాబిన్‌సన్ ఉండేది. ఆమె సామాన్యురాలు కాదు, 1950ల నుంచి పాడుతోంది, 1973లో సొంతంగా పెద్ద హిట్ కొట్టింది, 1979 నాటికి ఆమె రికార్డు కంపెనీ చేతిలో డబ్బుల్లేక ఇబ్బందిలో ఉంది. హార్లెమ్‌లోని హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో ఒక డీజే రికార్డుల మీద మాట్లాడుతుంటే జనం ఊగిపోవడం చూసి, దీన్ని రికార్డు చేస్తే ఆడుతుందని కనిపెట్టింది. చూసిన పదిమందిలో ఆ సంగతి తోచింది ఆమెకే, అది ఒప్పుకోవాల్సిందే. ఆమె కొడుకు వెంటబెట్టుకెళ్లిన పిజ్జా కొట్టు ఇదే. హ్యాంక్ కొట్టు బయట కారులో కూర్చుని ఆడిషన్ ఇచ్చాడు. ఏం పాడాడు? టేపులో ఉన్నదే పాడాడు.

ఎంపికయ్యాక హ్యాంక్ కాజ్ దగ్గరికి వచ్చి, రికార్డు చేయమంటున్నారు, ఏవైనా రైమ్స్ ఇవ్వవా అని అడిగాడు. కాజ్ నోట్‌బుక్ బల్ల మీద పడేసి, నీకేం కావాలో తీసుకో అన్నాడు. కాజ్ ఈ ముక్క చెప్పేటప్పుడు ఎప్పుడూ పెద్దగా గొంతు పెంచడు, నేను చూసిన ఇంటర్వ్యూల్లో అయితే. అతనికి పంతొమ్మిదేళ్లు. ఎంసీ కానివాడు, పిజ్జాలు చేసేవాడు, రికార్డు చేస్తే ఎవడు వింటాడులే అనుకున్నాడు. హ్యాంక్‌కి ఏదైనా ముట్టితే మేనేజరే కాబట్టి మనకీ దారి దొరుకుతుందనీ అనుకున్నాడు. నోట్‌బుక్ ఇచ్చినందుకు అతని చేతికి పైసా రాలేదు, రికార్డు మీద పేరూ రాలేదు. హ్యాంక్ కనీసం కాసనోవా అన్నచోట తన పేరు పెట్టుకునే శ్రమ కూడా తీసుకోలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

1979 సెప్టెంబర్‌లో రికార్డు వచ్చింది. పెద్ద వెర్షన్ పద్నాలుగున్నర నిమిషాలకు పైనే. అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 36వ స్థానం దాకా ఎక్కింది, ర్యాప్ రికార్డు ఆ జాబితా టాప్ 40లోకి రావడం అదే మొదలు. అంతకు కొద్ది వారాల ముందు ఫ్యాట్‌బ్యాక్ బ్యాండ్ ఒక ర్యాప్ పాట విడుదల చేసింది కాబట్టి ‘మొట్టమొదటి ర్యాప్ రికార్డు’ అన్న మీ శీర్షిక కూడా సరి కాదు, పోనీ దాన్ని వదిలేద్దాం.

వదిలేయకూడనిది ఇంకొకటుంది. ఆ పాట కింద మోగేది షీక్ అనే డిస్కో బృందం ‘గుడ్ టైమ్స్’ బాణీ. స్టూడియోలో కుర్ర వాద్యకారులు దాన్ని మళ్లీ వాయించారు. బాస్ గిటార్ వాయించిన చిప్ షియరిన్‌కి అప్పుడు పదిహేడేళ్లు, తనకు ముట్టింది 70 డాలర్లని ఆయనే చెప్పాడు. షీక్‌కి చెందిన నైల్ రాడ్జర్స్ ఒక క్లబ్బులో ఈ రికార్డు విని అదిరిపడి, కోర్టుకెళ్తామని హెచ్చరించాడు. దాంతో రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పేర్లు రచయితలుగా ఎక్కాయి, రాయల్టీలు వాళ్లకి వెళ్లాయి. న్యాయమే. బాణీ వాళ్లది. కానీ చూడండి, ఒకే పాటలో రెండు దొంగతనాలు జరిగితే ఒకదానికి తొందరగానే లెక్క తేలింది, రెండోది ఇప్పటికీ తేలలేదు. తేడా ఎక్కడుంది? రాడ్జర్స్ వెనక పెద్ద కంపెనీ, లాయర్లు, అచ్చయిన రికార్డు ఉన్నాయి. కాజ్ వెనక ఒక నోట్‌బుక్ ఉంది. నిజానికి చట్టం ప్రకారం నోట్‌బుక్ కూడా తక్కువది కాదు. అమెరికాలో 1978 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన కాపీరైట్ చట్టం కాగితం మీద పెట్టిన క్షణం నుంచే రచనకు హక్కు ఇస్తుంది. అయితే దావా వేయాలంటే రిజిస్టర్ చేయించుకోవాలి, మూడేళ్లలోపు వేయాలి. బ్రాంక్స్‌లో పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఇవన్నీ ఎవరు చెప్తారు? 2011లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో ఈ పాటను చేర్చింది. దాంట్లోనూ కాసనోవా ఫ్లై గొంతు లేదు, మాటలే ఉన్నాయి.

కాజ్ అంతటితో ఏడుస్తూ కూర్చుని ఉంటే ఇంత రాయక్కర్లేదు. అతని అసలు పని ఆ తర్వాతే ఉంది. 1980 వచ్చేసరికి అతను కోల్డ్ క్రష్ బ్రదర్స్ అనే ర్యాప్ బృందంలో ఉన్నాడు. మైకుల దగ్గర కాజ్, జేడీఎల్, ఈజీ ఏడీ, ఆల్మైటీ కే జీ, టర్న్‌టేబుళ్ల మీద చార్లీ చేజ్, టోనీ టోన్. వీళ్ల ప్రత్యేకత రొటీన్లు. నలుగురూ ఒకే వాక్యాన్ని పంచుకుంటారు, ఒకడు మొదలుపెడితే ఇంకొకడు మధ్యలో అందుకుంటాడు, చివరి మాట మీద నలుగురూ కలిసి విరుచుకుపడతారు, మళ్లీ వెంటనే విడిపోతారు. రేడియోలో వచ్చే పాప్ పాటల బాణీలు తీసుకుని వాటి మీద సొంత మాటలు పెట్టి కోరస్‌గా పాడతారు. రిహార్సల్ ఎంత చేసి ఉంటారో టేపు వింటేనే తెలిసిపోతుంది, ఎందుకంటే నలుగురిలో ఎవరూ ఊపిరి తప్పరు.

1981 జూలైలో హార్లెమ్ వరల్డ్‌లో (అవును, సిల్వియాకి ఆ ఆలోచన వచ్చిన క్లబ్బే) వీళ్లకీ ఫెంటాస్టిక్ రొమాంటిక్ ఫైవ్ అనే ఇంకో బృందానికీ పోటీ పెట్టారు. పందెం వెయ్యి డాలర్లు. గెలుపు తేల్చేది జనం చప్పట్లు. కోల్డ్ క్రష్ వాళ్లు పాత గ్యాంగ్‌స్టర్ సినిమాల్లోలా సూట్లు వేసుకుని బొమ్మ తుపాకులు పట్టుకుని వచ్చారు. అవతలివాళ్లు అందగాళ్లు, హాల్లో ఆడపిల్లలు ఎక్కువ, చప్పట్లు అటు పడ్డాయి, కోల్డ్ క్రష్ ఓడిపోయింది. తమాషా ఏంటంటే ఆ పోటీ టేపు ఊరంతా తిరిగింది, టేపులో సూట్లూ కనపడవు, అందగాళ్లూ కనపడరు, మాటలే వినపడతాయి. హాల్లో ఓడినవాళ్లు టేపులో గెలిచారని అప్పటి నుంచీ వాదన. నేను ఆ టేపు చాలాసార్లు విన్నాను, నా ఓటు కోల్డ్ క్రష్‌కే. శబ్దం బాగోదు, ముందే చెప్తున్నా. మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టడం వల్ల గట్టి అక్షరాలు పగులుతాయి, జనం కేకల కింద ఒక్కోసారి సగం వాక్యం మునిగిపోతుంది. కానీ కాజ్ వంతు వచ్చినప్పుడు హాలు ఒక్క క్షణం తగ్గుతుంది చూడండి, అతను ఏమంటాడో వినాలని. తర్వాత ప్రాస పడగానే ఒక్కసారిగా లేస్తుంది. స్టూడియోలో అది పుట్టదు.

నిజంగానే స్టూడియోలో పుట్టలేదు కూడా. ‘వీకెండ్’ 1982లో, ‘పంక్ రాక్ ర్యాప్’ 1983లో, ‘ఫ్రెష్, వైల్డ్, ఫ్లై అండ్ బోల్డ్’ 1984లో వచ్చాయి. వీటిలో చివరిది నిజంగా బాగుంటుంది, మిగతా రెండూ, కాజ్ అభిమానిగానే చెప్తున్నా, ఓ మాదిరి. జనం ముందు గంటసేపు చేసే పనిని ఆరు నిమిషాల్లోకి కుక్కి, చార్లీ చేజ్ చేతి పనితనాన్ని తీసేసి, ఎవరో కుదిర్చిన సంగీతం మీద పాడించారు. కొన్న వాళ్లు తక్కువ. ఈ రికార్డులే చూసి చరిత్ర రాస్తే కాజ్ ఒక చిన్న ఫుట్‌నోట్. మీ వ్యాసకర్తకి అతను కనపడకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

కానీ క్వీన్స్‌లోని హాలిస్ అనే పేటలో ఆ టేపులు వింటూ పెరిగిన ఒక కుర్రాడు రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందంలో డీఎంసీ అయ్యాడు. తన మీద అందరికన్నా ఎక్కువ ప్రభావం కోల్డ్ క్రష్‌దేనని ఆయన ఎన్నోచోట్ల చెప్పాడు. మీ వ్యాసంలో రన్-డీఎంసీకి సగం పేజీ ఉంది. ఒకడి వాక్యాన్ని ఇంకొకడు మధ్యలో లాక్కుని పూర్తిచేయడం వాళ్ల కొత్త పోకడ అని రాశారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో పైన రాశాను.

1983లో వచ్చిన ‘వైల్డ్ స్టైల్’ సినిమా సంగతి కూడా మీరు ముట్టుకున్నట్టు లేదు. చార్లీ అహెర్న్ తీశాడు. సినిమాగా గొప్పదేం కాదు, నటన అంతంతమాత్రం, కథ కూడా పలచనే, కానీ తెర మీద ఉన్నవాళ్లంతా అసలు మనుషులు. బాస్కెట్‌బాల్ కోర్టులో కోల్డ్ క్రష్, వాళ్ల పాత ప్రత్యర్థులు, రెండు జట్లూ బంతి ఆడుతూనే ర్యాప్‌లో ఒకరినొకరు దెప్పుకుంటారు. అదే సినిమా ఆల్బమ్‌లో కాజ్ ఒక్కడే చెప్పిన ‘సౌత్ బ్రాంక్స్ సబ్‌వే ర్యాప్’ ఉంది. అతని స్టూడియో రికార్డింగుల్లో నేను ముందు ఇదే వినమంటాను. ఇక్కడ గొప్పలు తక్కువ, రైలు, దాని మీద బొమ్మలేసే రంగు డబ్బాలు, రాత్రి, చుట్టూ ఉన్న ఊరు. గొంతు తొందరపడదు. ఆ ఏడాదే ఈ బృందమంతా సినిమా ప్రచారానికి జపాన్ వెళ్లింది, టోక్యోవాళ్లు హిప్‌హాప్‌ని ఎదురుగా చూసింది అప్పుడే. 1994లో ర్యాపర్ నాస్ తన మొదటి ఆల్బమ్‌ని మొదలుపెట్టింది కూడా ఈ సినిమా శబ్దాలతోనే.

తర్వాత పెద్ద కంపెనీలొచ్చాయి, పెద్ద డబ్బులొచ్చాయి, కాజ్ తరానికి పిలుపులు ఆగిపోయాయి. 2000లో అతను ‘ఎంసీ డిలైట్’ అని ఒక పాట చేశాడు, హ్యాంక్, పిజ్జా కొట్టు, నోట్‌బుక్, రాని డబ్బు, మొత్తం కథ ర్యాప్‌లోనే చెప్పాడు. కోపం ఉంది గానీ జోకులే ఎక్కువ. మర్నాటి ఏడాది ర్యాపర్ జే-జీ ఒక హిట్ పాటలో, కోల్డ్ క్రష్‌కి చేసిన అన్యాయానికి బదులుగా నేను మీ దగ్గర ఎక్కువ వసూలు చేస్తున్నా అన్న అర్థంలో ఒక ముక్క వదిలాడు. కోట్లమంది విన్నారు, అందులో ఎంతమంది కోల్డ్ క్రష్ ఎవరని వెతికారో మరి. కాజ్ మాత్రం న్యూయార్క్‌లో హష్ టూర్స్ అనే టూరిస్టు కంపెనీ బస్సెక్కి, మైకు పట్టుకుని, టూరిస్టులకి సెడ్జ్‌విక్ అవెన్యూ చూపించే పనిలో పడ్డాడు. కొందరు దీన్ని జాలిగా రాస్తారు, నాకది నచ్చదు. చరిత్ర చెప్పేవాడు దాన్ని చేసినవాడే అయితే అంతకన్నా ఏం కావాలి?

2015లో మెకల్‌మోర్, రయన్ లూయిస్ అనే ర్యాప్ జోడీ తమ ‘డౌన్‌టౌన్’ పాటకి కాజ్‌నీ, అతని తరం ర్యాపర్లు మెలీ మెల్‌నీ, కూల్ మో డీనీ పిలిచారు. ఈసారి పాట మీద పేరు ఉంది. అది హాట్ 100లో 12వ స్థానానికి వెళ్లింది. అంటే యాభై అయిదేళ్ల వయసులో, సొంత పేరుతో, కాజ్ 1979 నాటి ఆ 36వ స్థానాన్ని దాటేశాడు. ఈ లెక్క ఎందుకో ఎవరూ రాయరు.

హ్యాంక్‌ని దుర్మార్గుడని రాయమని నేను అడగట్లేదు. అతను 2014లో క్యాన్సర్‌తో పోయాడు. గొంతు బాగుండేది, మైకు ముందు ఉత్సాహం ఉండేది, ఆ రికార్డు అంత ఆడటంలో అతని వాటా అతనికుంది. షుగర్‌హిల్ లేకపోతే ర్యాప్ బ్రాంక్స్ దాటేదా అని కొందరు వాదిస్తారు. దాటేదేమో, ఇంకో రెండేళ్లు ఆలస్యంగా. నా గొడవ అది కాదు. రికార్డు అట్ట మీద ఏముంటే అదే చరిత్ర అనుకోవడంతోనే నా గొడవ. ఈ సంగీతం మొదటి ఆరేళ్లూ అట్టలే లేవు. ఉన్నవి క్యాసెట్లు, చేత్తో గీసిన పార్టీ కరపత్రాలు, జో కాంజో జూనియర్ లాంటి కుర్రాళ్లు తీసిన ఫొటోలు. ఇవాళ అలాంటివెన్నో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ 2007లో మొదలుపెట్టిన హిప్‌హాప్ సేకరణలో జాగ్రత్తగా దాచారు. యూనివర్సిటీలు ఆధారాలుగా దాచుకుంటున్నవాటిని పత్రికలు లెక్కలోకి తీసుకోకపోతే ఎలా?

కాబట్టి అడిగేది రెండే. ఒకటి, వచ్చే ఆదివారం సవరణ వేయండి, ఆ చరణం రాసింది కాజ్ అని. మూలన చిన్న అక్షరాల్లో కాదు, వ్యాసం వచ్చిన పేజీలోనే. రెండు, ఈ వరసలో తర్వాతి వ్యాసం 1980ల మీద అని ప్రకటించారు కాబట్టి, రాసేవారు ముందు ఆ హార్లెమ్ వరల్డ్ టేపు ఒక్కసారి పూర్తిగా వినాలని నా మనవి. తర్వాత అది సీడీగా కూడా వచ్చింది, ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతుంది. మొదటి పది నిమిషాలు చెవికి అలవాటు పడటానికే పోతాయి, అక్కడ ఆపేయొద్దని చెప్పండి.

ఇట్లు
మీ పాఠకుడు